పాత సాఫ్ట్‌వేర్‌కు సొంత సర్వర్: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

గోదావరి జిల్లాల్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడి మట్టి పరీక్షల ల్యాబ్‌లో ఫోర్‌ట్రాన్‌లో రాసిన ప్రోగ్రామ్ ఒకటి ఉంది. రాసిన మాస్టారు రిటైరై చాలా కాలమైంది. సోర్సు కోడ్ ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. మిగిలింది 32 బిట్ బైనరీ ఫైలు (కంప్యూటర్ నేరుగా నడిపే రూపం) ఒక్కటే. సెంటోస్ 5 అనే పాత లైనక్స్ వేసిన ఒక కంప్యూటర్ డబ్బా మీద ఏళ్ల తరబడి నడుస్తూ పునాదుల రిపోర్టులు తీస్తూ ఉండేది. ఒక వేసవిలో దాని మదర్‌బోర్డు పోయింది. ల్యాబ్ వాళ్లు కొత్త కంప్యూటర్ కొన్నారు, కొత్త ఉబుంటు (ఇదీ లైనక్సే) వేయించారు, ఫైలు కాపీ చేశారు, నాకు ఫోన్ చేశారు.

"చూడండి బాబూ, ఫైలు ఇక్కడే కనిపిస్తోంది. నడపబోతే అలాంటి ఫైలే లేదంటోంది" అన్నారు ఇన్‌ఛార్జి మేడమ్.

నిజమే. తెర మీద 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని ఉంది, పై వరుసలోనే ఫైలు పేరూ ఉంది. ఇలా వచ్చిందంటే లేనిది ఆ ఫైలు కాదని అర్థం. దాన్ని మెమరీలోకి ఎక్కించే 32 బిట్ లోడర్ లేదు. 64 బిట్ ఉబుంటులో అది సాధారణంగా ఉండదు, మనమే వేసుకోవాలి. వేసి, ప్రోగ్రామ్‌కు ఏ లైబ్రరీలు (అది అరువు తెచ్చుకునే కోడ్ ఫైళ్లు) కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొట్టాను. రెండు లైబ్రరీల పక్కన 'నాట్ ఫౌండ్' అని వచ్చింది. ఒకటి జీసీసీ (కోడ్‌ను బైనరీగా మార్చే కంపైలర్ల మూట) 3.3 కాలం నాటి సీ++ లైబ్రరీ. రెండోది జీ77 అనే పాత ఫోర్‌ట్రాన్ కంపైలర్ వాడుకునేది. 2005లో జీసీసీ 4.0 వచ్చినప్పుడు జీ77 తప్పుకుని జీఫోర్‌ట్రాన్ వచ్చింది. దానితోపాటే ఆ లైబ్రరీకీ కాలం చెల్లింది.

ఇలాంటి పాత ప్రోగ్రామ్‌కు కొత్తగా ఒక సర్వర్ కట్టుకోవాలంటే ఉన్న దారులేమిటి, ఏది ఎవరికి పనికొస్తుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. ఆ ల్యాబ్‌లో ఈ దారుల్లో మూడింటిని నేను వరుసగా నడిచి చూశాను.

ముందు డిస్కు, తర్వాతే మిగతావి

ఏ దారి ఎంచుకున్నా మొదటి పని ఒకటే. పాత డిస్కును ఉన్నది ఉన్నట్టు, సెక్టార్ సెక్టారూ కాపీ తీసి పెట్టుకోవాలి. క్లోన్‌జిల్లా చాలు. డిస్కు మొరాయిస్తుంటే డీడీరెస్క్యూ వాడండి, అది బాగున్న భాగాలను ముందు లాగేసి, పాడైన చోట్లకు తర్వాత వస్తుంది. పాత ఐడీఈ డిస్కుకు యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. పాత మిషన్ ఇంకా నడుస్తూనే ఉంటే 'రేపు తీద్దాంలే' అనుకోవద్దు. ఏళ్ల తరబడి ఆపకుండా తిరిగిన డిస్కు ఒకసారి ఆపితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. ల్యాబ్‌లో పోయింది మదర్‌బోర్డు గనక బతికిపోయాం. డిస్కే పోయి ఉంటే రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ప్రోగ్రామ్ దేన్ని పట్టుకుని ఉంది?

చాలామంది ఇక్కడే తొందరపడి సర్వర్‌కు కొటేషన్లు తెప్పిస్తారు. పాత ప్రోగ్రామ్ నాలుగు రకాల వాటిని పట్టుకుని ఉండొచ్చు: లైబ్రరీలు, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్, గుండెకాయ), హార్డ్‌వేర్, లైసెన్స్. మీది దేన్ని పట్టుకుందో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

లైబ్రరీల సంగతి లైనక్స్‌లో ఎల్‌డీడీ చెబుతుంది. అది చెప్పనివి, అంటే ప్రోగ్రామ్ నడుస్తూ మధ్యలో తెరిచేవి, ప్రోగ్రామ్ కెర్నెల్‌ను అడిగేవన్నీ చూపే ఎస్‌ట్రేస్‌లో కనిపిస్తాయి. విండోస్‌లో ప్రాసెస్ మానిటర్ పెట్టి ఏ ఫైలు కోసం వెతికి దొరక్క ఆగిందో చూడొచ్చు.

ఒక అపోహ గురించి ఇక్కడే చెప్పాలి. జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడుకునే మూల లైబ్రరీ. "జీలిబ్‌సీ మారింది కాబట్టి పాతది నడవదు" అని చాలామంది అంటారు. జరిగేది దాదాపు ఎప్పుడూ దానికి ఉల్టా. జీలిబ్‌సీ తన ఫంక్షన్లకు వెర్షన్ గుర్తులు వేసి, పాతవాటిని కూడా దాచి ఉంచుతుంది. సెంటోస్ 5లోని 2.5తో కట్టిన ప్రోగ్రామ్ ఉబుంటు 24.04లోని 2.39 మీద కూడా సాధారణంగా లేస్తుంది. కొత్త జీలిబ్‌సీతో కట్టినదే పాత సిస్టమ్ మీద నడవదు. పాత ప్రోగ్రామ్‌ను పడుకోబెట్టేవి చుట్టూ ఉన్న చిన్న లైబ్రరీలు: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాత వెర్షన్, లిబ్‌పీఎన్‌జీ 12, పాత సీ++ లైబ్రరీ, ఇలాంటివి. అందుకే ఎవరైనా సిస్టమ్‌లోని జీలిబ్‌సీనే తీసి పాతది పెడదామంటే గట్టిగా అడ్డుపడండి. ఆ ఒక్క ఫైలు మారిస్తే ఎల్‌ఎస్ కమాండ్ కూడా పలకదు, రీబూట్ చేస్తే లేవదు.

మొదటి దారి: పాత మిషన్‌నే బతికించడం

దీన్ని నేను తోసిపుచ్చను. ప్రోగ్రామ్ ఐఎస్ఏ అనే పాతకాలపు స్లాట్‌లో ఉన్న కార్డుతో మాట్లాడుతుంటే ఇంతకన్నా దారి లేదు. అలాంటి కార్డును ఏ వర్చువల్ మిషన్‌కూ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టే కంప్యూటర్) ఇవ్వలేం. పరీక్ష యంత్రం నుంచి రీడింగులు తీసే కార్డులు, పాత సీఎన్‌సీ మిషన్ల కార్డులు ఈ కోవలోకి వస్తాయి. అప్పుడు అదే మోడల్ బోర్డులు సెకండ్ హ్యాండ్‌లో రెండు మూడు కొని పక్కన పెట్టుకోండి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన బోర్డుల్లో కెపాసిటర్లు ఉబ్బిపోవడం మామూలు. కొనేముందు వాటి తలలు చదునుగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. సీఆర్2032 బ్యాటరీ మార్చండి, పవర్ సప్లై మార్చండి. కార్డు లేకపోతే మాత్రం ఈ దారిలో ఉండిపోకండి. ప్రతి ఏడాదీ విడిభాగాలు దొరకడం కష్టమవుతూనే ఉంటుంది.

దీనికే చుట్టం లాంటి ఇంకో ఆలోచన వస్తుంది: కొత్త హార్డ్‌వేర్ కొని దాని మీద నేరుగా పాత ఓఎస్ వేయడం. ఇది వద్దు. విండోస్ ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ (ఇప్పటి డిస్కులతో మాట్లాడే పద్ధతి) డ్రైవర్ సొంతంగా లేదు, ఇన్‌స్టాల్ మధ్యలో నీలం తెర వస్తుంది. విండోస్ 7 డీవీడీకి యూఎస్‌బీ 3 తెలియదు, కీబోర్డు మౌస్ పని చేయవు. సెంటోస్ 5లోని 2.6.18 కెర్నెల్ ఇప్పటి నెట్‌వర్క్ చిప్‌ను చూసి ఉండదు. వారం రోజులు డ్రైవర్ల వెంట పడి చివరికి వదిలేసిన వాళ్లను చూశాను.

రెండో దారి: కొత్త ఓఎస్ మీద పాత లైబ్రరీలు

ఖర్చు అతి తక్కువ, కాబట్టి ముందు దీన్నే ప్రయత్నించాలి. పాత డిస్కు కాపీలోంచి కావాల్సిన లైబ్రరీలను మాత్రమే తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టి, ప్రోగ్రామ్‌ను లేపే చిన్న స్క్రిప్టులో ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగు) ఆ ఫోల్డర్‌కు చూపిస్తే చాలు. స్క్రిప్టు బదులు ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టుతో దారిని బైనరీలోనే రాసేయొచ్చు. ఆ పాత్‌ను లాగిన్ ఫైల్లో పెట్టి అందరికీ వర్తింపజేయొద్దు. కొత్త ప్రోగ్రాములు కూడా పాత లైబ్రరీల మీద పడి వింత తప్పులు చేస్తాయి.

ఇంకో పొరపాటు ఎక్కువగా కనిపిస్తుంది. పాత పేరు అడుగుతోంది కదా అని కొత్త లైబ్రరీకే ఆ పాత పేరుతో లింకు వేసేస్తారు. లోడర్ ఊరుకుంటుంది, ప్రోగ్రామ్ లేస్తుంది, ఎక్కడో మధ్యలో కూలుతుంది. అది కూలితే మంచిదే. కూలకుండా తప్పు అంకె ఇచ్చిందంటే పునాది లోతు తప్పవుతుంది.

లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ (సెంటోస్, ఉబుంటు లాంటివి) వాళ్లు ఇచ్చే కంపాట్ ప్యాకేజీలు (పాత లైబ్రరీల మూటలు) ఉన్నంతకాలం హాయి. కానీ వాటికీ ఆయుష్షు ఉంటుంది. పాత సీ++ లైబ్రరీ కంపాట్ ప్యాకేజీ సెంటోస్ 7 వరకు వచ్చింది, 8లో లేదు. రెడ్‌హ్యాట్ 10లో అయితే 32 బిట్ లైబ్రరీలే ఎత్తేశారు. అంటే ఈ దారి ఈరోజు పని చేసినా, వచ్చే అప్‌గ్రేడ్‌లో మళ్లీ మొదటికి రావచ్చు.

ల్యాబ్‌లో ఈ దారి దాదాపు పని చేసింది. ప్రోగ్రామ్ లేచింది, అంకెలు పాత రిపోర్టులతో సరిపోయాయి. చిక్కు వేరే చోట వచ్చింది. ప్రోగ్రామ్ చుట్టూ సీషెల్ స్క్రిప్టులు ఉన్నాయి, అవి గ్నూప్లాట్‌ను పిలిచి గ్రాఫులు గీయిస్తాయి. కొత్త గ్నూప్లాట్ రంగులు, గీతల తీరు వేరు. పాత రిపోర్టులో ఎర్ర గీత అంటే ఒక బోరు, పచ్చ గీత అంటే ఇంకో బోరు అని కింద అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. ఇప్పుడు ఆ ఎరుపూ లేదు, పచ్చా లేదు. ఒక్కొక్కటీ సరిచేస్తూ పోతే అంతు లేదని అర్థమైంది. బైనరీ ఒక్కటే ఉండి, చుట్టూ ఇంత సంసారం లేని వాళ్లకు మాత్రం నేను ఇదే చెబుతాను.

మూడో దారి: కంటెయినర్

లైబ్రరీలతో పాటు ఆ సంసారం మొత్తాన్ని ఒక మూటగా కట్టేది కంటెయినర్. కంటెయినర్లు నడిపే డాకర్‌లోగానీ పాడ్‌మ్యాన్‌లోగానీ సెంటోస్ పాత ఇమేజ్ (ముందే కట్టి ఉంచిన మూట) దించుకుని, అందులో స్క్రిప్టులు, పాత గ్నూప్లాట్, అన్నీ పెట్టొచ్చు. తేలిక, వేగం, కాపీ తీయడం సులువు. నాకు బాగా నచ్చిన దారి ఇది, అందుకే దీని మీద రెండు రోజులు కూర్చున్నాను.

కంటెయినర్‌కు సొంత కెర్నెల్ ఉండదు. కింద ఉన్న హోస్ట్ కెర్నెల్‌నే వాడుకుంటుంది. నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ ఉంది. దాని మీద పాత సెంటోస్ కంటెయినర్ లేపితే ఒక్క అక్షరం కూడా అచ్చు వేయకుండా ఆగిపోయింది. ఎగ్జిట్ కోడ్ 139, అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్. ప్రోగ్రామ్ దాకా కూడా వెళ్లలేదు, లోపలి బ్యాష్ షెల్లే కూలింది. కారణం వీసిస్‌కాల్. టైమ్ అడగడం లాంటి పనులకు 64 బిట్ కెర్నెల్ ఒకప్పుడు మెమరీలో ఒక స్థిరమైన చోటు ఇచ్చేది. జీలిబ్‌సీ 2.14కు ముందువి నేరుగా ఆ చోటికి దూకుతాయి. భద్రత కోసం డెబియన్ లాంటి కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఆ చోటును మూసేశాయి. బూట్ లైన్‌లో 'వీసిస్‌కాల్ ఈక్వల్స్ ఎమ్యులేట్' అని చేర్చి రీబూట్ చేస్తే కంటెయినర్ లేచింది. సెంటోస్ 6 ఇమేజ్‌కూ ఇదే కథ, దాని జీలిబ్‌సీ 2.12.

లేచాక ఇంకోటి. సెంటోస్‌లో ప్యాకేజీలు వేసే యమ్‌తో ఏది వేద్దామన్నా మిర్రర్ (ప్యాకేజీలు దించుకునే సైటు) దొరకదు. సెంటోస్ 5కు 2017 మార్చిలో, 6కు 2020 నవంబర్‌లో, 7కు 2024 జూన్‌లో సపోర్టు ముగిసింది, ప్యాకేజీలు వాల్ట్ సైటుకు తరలిపోయాయి. రిపో ఫైల్లో అడ్రసు మార్చుకోవాలి. సెంటోస్ 5లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు టీఎల్‌ఎస్ 1.2 (ఇప్పటి సైట్లు అడిగే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) తెలియదు, కాబట్టి హెచ్‌టీటీపీఎస్ అడ్రసులు దానికి అందవు.

వెబ్ అప్లికేషన్లకు, కమాండ్ లైన్ ప్రోగ్రాములకు కంటెయినర్ చక్కగా సరిపోతుంది. పైథాన్ 2.7తో రాసినవి, పాత పీహెచ్‌పీ సైట్లు దీనిలోకి రెండు గంటల్లో ఎక్కుతాయి. హోస్ట్‌ను అప్‌డేట్ చేసే వాళ్లకు ఆ బూట్ లైన్ ఎందుకు ఉందో తెలిసి ఉండాలి, అంతే. ల్యాబ్‌లో అలా తెలిసిన మనిషి ఎప్పుడూ ఉంటారన్న భరోసా లేదు. రేపు ఎవరో మళ్లీ ఉబుంటు తీసి డెబియన్ వేస్తే, మేడమ్ మళ్లీ నాకు ఫోన్ చేయాల్సిందే. అందుకే అక్కడ ఆగి నాలుగో దారికి వెళ్లాను.

నాలుగో దారి: కొత్త సర్వర్ మీద వర్చువల్ మిషన్

పాత కెర్నెల్, పాత లైబ్రరీలు, పాత స్క్రిప్టులు అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను కొత్త సర్వర్ మీద నడపడం. ఇది చదువుతున్న వాళ్లలో ఎక్కువ మందికి సరిపోయేది ఇదేనని నా అభిప్రాయం. కింద హార్డ్‌వేర్ ఎన్నిసార్లు మారినా లోపలి ఓఎస్‌కు కనిపించే మదర్‌బోర్డు మారదు, అదే దీని బలం.

హైపర్‌వైజర్‌గా, అంటే వర్చువల్ మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌గా, నేను ప్రాక్స్‌మాక్స్ వాడతాను. డెబియన్ మీద కేవీఎంతో కట్టినది, డబ్బు కట్టకుండానే పూర్తిగా వాడుకోవచ్చు. వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ ఉచిత వెర్షన్‌ను 2024 ఫిబ్రవరిలో తీసేసి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. పదేళ్లు కదిలించకూడదనుకునే పెట్టెకు ఆ ఊగిసలాట నాకు నచ్చలేదు. హైపర్‌-వీ బాగానే ఉంటుంది గానీ యూఎస్‌బీ డాంగిల్‌ను (లైసెన్స్ కోసం తగిలించే చిన్న తాళం) నేరుగా లోపలికి ఇవ్వలేం. ఒక్క మనిషి, ఒక్క డెస్క్‌టాప్ అయితే వర్చువల్‌బాక్స్ చాలు, దానికి సర్వర్ అనే మాటే అక్కర్లేదు.

డిస్కు కాపీని ఇమేజ్‌గా మార్చి ఎక్కించాక మొదటిసారి బూట్ అవకపోతే కంగారు పడకండి. సెంటోస్ 5 బూట్ ఇమేజ్‌లో పాత బోర్డు డిస్కు డ్రైవర్ మాత్రమే ఉంటుంది, వర్చువల్ డిస్కు దానికి కనబడక కెర్నెల్ ప్యానిక్ వస్తుంది. రెస్క్యూ సీడీతో లోపలికి వెళ్లి ఇనిట్‌ఆర్డీ (ఆ బూట్ ఇమేజ్) మళ్లీ కట్టాలి. ఎక్స్‌పీ అయితే 7బీ అన్న నీలం తెర వస్తుంది, అదీ డిస్కు డ్రైవర్ గొడవే. పాత మిషన్ ఇంకా నడుస్తుండగానే సాధారణ ఐడీఈ డ్రైవర్‌ను ఎనేబుల్ చేసి కాపీ తీస్తే ఈ బాధ తప్పుతుంది.

సెట్టింగుల్లో గట్టిగా పట్టించుకోవాల్సినవి ఇవి. మిషన్ టైప్ ఐ440ఎఫ్ఎక్స్, పాత ఓఎస్‌లకు అదే అలవాటు. డిస్కు ఐడీఈ. ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కార్డుగా రియల్‌టెక్ 8139 ఇస్తే డ్రైవర్ వెతుక్కోనక్కర్లేదు. సీపీయూ టైప్ దగ్గర 'హోస్ట్' పెట్టాలని మనసు లాగుతుంది, వేగం కోసం. పెట్టకండి. కేవీఎం64 లాంటి పాత రకం పెట్టండి. రేపు ప్రాసెసర్ మార్చినా లోపలి ఓఎస్‌కు తేడా తెలియదు.

మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) పాత మిషన్‌దే ఇవ్వండి. సెంటోస్ 5లో నెట్‌వర్క్ సెట్టింగు ఫైల్లో మ్యాక్ రాసి ఉంటుంది, అది కలవకపోతే కార్డు పేరే మారిపోతుంది. ఫ్లెక్స్‌ఎల్‌ఎం తరహా లైసెన్సులు చాలా వరకు మ్యాక్‌నే చూస్తాయి. అయితే పాత మిషన్ ఆపేశాకే ఇలా చేయాలి, ఒకే నెట్‌వర్క్‌లో రెండింటికీ ఒకే మ్యాక్ ఉండకూడదు. లైసెన్స్ షరతులూ ఒకసారి చదవండి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ ఆ కంప్యూటర్‌కే పరిమితం. దాన్ని వర్చువల్ మిషన్‌లోకి తీసుకెళ్లే హక్కు రాదు.

డాంగిల్ యూఎస్‌బీది అయితే పోర్టు నంబరుతో లోపలికి ఇచ్చేయొచ్చు. ప్రింటర్ పోర్టుకు తగిలించే పాత డాంగిల్ అయితే జాగ్రత్త. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డులు చాలావరకు పాత 378 అడ్రస్‌లో కూర్చోవు, డాంగిల్ డ్రైవరేమో అక్కడే వెతుకుతుంది. సొంత ప్యారలల్ పోర్టు ఉన్న బోర్డు కొనడమే మేలు. సర్వర్ కొనకముందే ఒక అరువు మిషన్ మీద డాంగిల్‌ను పరీక్షించండి.

ఆ సర్వర్‌లో ఏముండాలి?

షాపులో ఎక్కువ కోర్లు ఉన్నది చూపిస్తారు. పాత ప్రోగ్రామ్ చాలావరకు ఒక్క కోర్ మీదే నడుస్తుంది. ఎనిమిది కోర్లు, ఒక్కో కోర్ వేగం బాగున్నది తీసుకోండి. ఇంటెల్ 12వ తరం నుంచి వచ్చే డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలు ఉంటాయి. అలాంటిది కొంటే వర్చువల్ మిషన్‌ను పెద్ద కోర్లకు కట్టేయండి. ర్యామ్ 16 జీబీ చాలు, లోపలి 32 బిట్ ఓఎస్‌కు 2 జీబీ ఇస్తే అదే మహాభాగ్యం. కానీ ర్యామ్ ఈసీసీ (తన తప్పులు తనే దిద్దుకునే రకం) అయితే బాగుంటుంది, దానికి బోర్డూ ప్రాసెసరూ రెండూ ఒప్పుకోవాలి.

డిస్కులు రెండు ఎస్‌ఎస్‌డీలు, జడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్‌లో, అంటే రెండింటిలోనూ ఒకే డేటా. వీలైతే వేర్వేరు కంపెనీలవి, ఒకే బ్యాచ్‌వి రెండూ కలిసి పోకుండా. నెట్‌వర్క్ పోర్టులు రెండు. సీరియల్ పోర్టు అవసరమైతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు. యూపీఎస్ తప్పనిసరి, అది సర్వర్‌కు యూఎస్‌బీ తీగతో కలిసి ఉండాలి. బ్యాటరీ తగ్గాక సర్వర్ తనంతట తాను సర్దుకుని ఆగాలంటే ఆ తీగ కావాలి. మన దగ్గర యూపీఎస్ కొంటారు గానీ ఆ తీగ అట్టపెట్టెలోనే ఉండిపోతుంది.

నెట్‌కు దూరంగా

పాత ఓఎస్‌కు ఇక ప్యాచ్‌లు రావు. దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించడమంటే తలుపు తీసి నిద్రపోవడమే. 2017 మేలో వచ్చిన వానాక్రై అనే వైరస్ ఎస్‌ఎంబీ (విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షన్‌లోని లోపం గుండా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఎక్స్‌పీకి తెలిసింది ఆ మొదటి వెర్షన్ ఒక్కటే.

నేను చేసే ఏర్పాటు ఇది. సర్వర్ లోపల గేట్‌వే (బయటకు దారి) లేని ఒక బ్రిడ్జి, అంటే లోపలి నెట్‌వర్క్, వేసి, పాత వర్చువల్ మిషన్‌ను దానికే కడతాను. పక్కనే కొత్త డెబియన్‌తో ఇంకో చిన్న వర్చువల్ మిషన్ పెడతాను. దానికి ఒక కాలు లోపలి బ్రిడ్జి మీద, ఇంకో కాలు ఆఫీసు నెట్‌వర్క్ మీద. ఫైళ్లు దాని గుండానే వెళ్తాయి, వస్తాయి. పాత పద్ధతులన్నీ ఆ లోపలి వైపుకే పరిమితం. పాత సెంటోస్‌కు ఎస్‌ఎస్‌హెచ్ చేయబోతే (దూరం నుంచి లాగిన్ అవబోతే) కొత్త మిషన్ 'నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్' అంటుంది. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి షా1 అనే పాత పద్ధతి సంతకాలను మామూలుగా ఒప్పుకోవడం లేదు. ఆ ఒక్క సర్వర్ పేరు కింద మాత్రమే పాత కీ రకాన్ని అనుమతించండి, మొత్తానికి కాదు.

క్లౌడ్, తిరగరాయడం

క్లౌడ్ గురించి అడుగుతారు. డాంగిల్, సీరియల్ పోర్టు లేని లైనక్స్ ప్రోగ్రామ్ అయితే కంటెయినర్‌గా కట్టి క్లౌడ్‌లో పెట్టొచ్చు. ఐడీఈ డిస్కు తప్ప ఎరగని ఓఎస్‌ను అక్కడ లేపడం పెద్ద తలనొప్పి, నెలనెలా బిల్లు వేరే.

సోర్సు కోడ్ ఉంటే కొత్త కంపైలర్‌తో మళ్లీ కట్టడం మంచి దారే. ఒక్క హెచ్చరిక. పాత 32 బిట్ ప్రోగ్రాములు ఎక్స్87 యూనిట్ మీద, 80 బిట్ల రిజిస్టర్లలో లెక్క చేసేవి. 64 బిట్‌లో కంపైలర్ ఎస్‌ఎస్‌ఈ2 వాడి 64 బిట్లలో చేస్తుంది. చివరి దశాంశాలు తేడా వస్తాయి. మళ్లీ మళ్లీ తిప్పి సమాధానం రాబట్టే లెక్కల్లో ఆ తేడా పెరగొచ్చు కూడా. పాత రిపోర్టులకు సరిపోవాలన్న నియమం ఉంటే కంపైలర్‌కు ఎక్స్87 వాడమని చెప్పే ఆప్షన్ ఉంది, దానితో కట్టి పోల్చి చూడండి.

సర్వర్ అవసరమే లేని వాళ్లు

ఒక రైస్ మిల్లు యజమాని ఇదే పని మీద వచ్చారు. లారీల వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్, వీబీ6లో రాసింది, యాక్సెస్ డేటాబేస్. ఎక్స్‌పీ మిషన్ పోయింది. ఎవరో ఆయనకు సర్వర్ పెట్టాలని చెప్పి కొటేషన్ ఇచ్చారు. వీబీ6 రన్‌టైమ్ విండోస్ 11లో కూడా వస్తూనే ఉంది. లేనిదల్లా కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ తీగ మీద బరువు చదివే ఓసీఎక్స్ ఫైలు ఒక్కటే. పాత డిస్కులోంచి దాన్ని తీసి, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో పెట్టి, అక్కడి రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేశాను. ఒక సీరియల్ కార్డు వేశాం. మధ్యాహ్నానికి లారీలు కాటా ఎక్కాయి.

డాస్ కాలం ఫాక్స్‌ప్రో ఉన్నవాళ్ల సంగతి వేరు. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, నలుగురు ఒకేసారి వాడే డేటాబేస్‌కు దాన్ని నమ్మొద్దు. వర్చువల్ మిషన్‌లో ఫ్రీడాస్‌గానీ 32 బిట్ విండోస్‌గానీ పెట్టుకోవడం మేలు. టర్బో పాస్కల్‌తో కట్టినవాటిలో కొన్ని వేగమైన ప్రాసెసర్ మీద లేవగానే రన్‌టైమ్ ఎర్రర్ 200 చూపిస్తాయి. దానికి బైనరీని సరిచేసే ప్యాచ్‌లు ఉన్నాయి.

నన్ను అడిగితే

ఒక్క బైనరీ, రెండు మూడు లైబ్రరీలు లేవు అంటే: పాత లైబ్రరీల ఫోల్డర్. వెబ్ అప్లికేషన్, చూసుకోవడానికి లైనక్స్ తెలిసిన మనిషి ఉన్నారు అంటే: కంటెయినర్. విండోస్ పాతది, లేదా ప్రోగ్రామ్ చుట్టూ స్క్రిప్టులు అల్లుకుపోయాయి, లేదా చూసుకునే మనిషి ఎవరూ లేరు అంటే: సొంత సర్వర్ మీద వర్చువల్ మిషన్. ఐఎస్ఏ కార్డు ఉంటే: పాత మిషన్, దానితో పాటు విడి బోర్డులు. సాధారణ పీసీఐ కార్డు ఉన్నవాళ్లు మాత్రం వర్చువల్ మిషన్‌కు కార్డును నేరుగా అప్పగించి చూడొచ్చు. బోర్డులో వీటీ-డీ (కార్డును అలా అప్పగించే సౌకర్యం) ఉండాలి. ఆ కార్డు ఇతర పరికరాలతో ఒకే గ్రూపులో పడితే కుదరదు.

ఒక గడువు కూడా గుర్తు పెట్టుకోవాలి. 32 బిట్ లైనక్స్ ప్రోగ్రాముల్లో టైమ్ లెక్క 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. వర్చువల్ మిషన్ గడియారాన్ని వెనక్కి పెట్టొచ్చు, కానీ రిపోర్టు మీద తేదీ తప్పు పడుతుంది. పది పన్నెండేళ్లు నడవాలనుకునే వాళ్లు ఈలోపు తిరగరాయించే పని మొదలుపెట్టాలి. ల్యాబ్‌లో కూడా పాత రిపోర్టుల్లోని సూత్రాలను ఒక పీజీ విద్యార్థి ఇప్పుడు కాగితం మీద తిరిగి రాస్తున్నాడు.

ల్యాబ్ సర్వర్ బీరువా పక్కన కిటికీకి దూరంగా ఉంది. వర్చువల్ మిషన్ స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) అదే డిస్కు మీద ఉంటుంది, డిస్కు పోతే అదీ పోతుంది. అందుకని వారానికోసారి పూర్తి బ్యాకప్ బయటి డిస్కు మీదకు వెళ్తుంది. నెలలో మొదటి శనివారం మేడమ్ ఆ బ్యాకప్‌ను ల్యాబ్‌లోని ఇంకో కంప్యూటర్ మీద తెరిచి, పాత ఫైళ్లలోంచి ఒక రిపోర్టు తీసి, అందులోని రీడింగులు మళ్లీ టైప్ చేస్తారు. వచ్చిన అంకెను కాగితం మీది అంకెతో చివరి దశాంశం దాకా సరిచూసి, పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి తేదీ వేస్తారు. మొన్న వెళ్లినప్పుడు ఆ కాగితం చూశాను. తొమ్మిది టిక్కులు ఉన్నాయి.